మా గల్లీలో నీళ్లు లేని హోలీ

ఆ రోజుల్లో నా కాలు ఒకచోట నిలిచేది కాదు. తెలంగాణ వచ్చిన కొత్త, నేను డిగ్రీ ముగించి చిట్యాలలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా చేరిన కొత్త, లోకాన్ని బాగుచేసే పని నాకే అప్పగించారని నమ్మిన కొత్త కూడా. (బడివాళ్లు అప్పగించింది నాలుగో తరగతి నోటుపుస్తకాలు దిద్దడం మాత్రమే.) ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. మా గల్లీ బోరు శివరాత్రికి ముందే గాలి కక్కడం మొదలుపెట్టింది. నాలుగు రోజులకొకసారి ట్యాంకర్ వచ్చేది, ఇంటికి రెండు డ్రమ్ములు నింపేది, అంతే సంగతి. ఆ వరసను నడిపేది మా ఎదురింటి ఆవిడ. ఆమెకూ ఒక పేరు ఉండే ఉంటుంది గాని అందరికీ ట్యాంకర్ పెద్దమ్మే. ఆమె నోరు విప్పితే ట్యాంకర్ డ్రైవరు కూడా హారన్ కొట్టడం ఆపేసేవాడు.

హోలీకి వారం ముందు పిల్లలకు నీటి పొదుపు పాఠం చెప్పాను. ఆ ఊపు తగ్గకముందే ఇంటికొచ్చి, ట్యాంకర్ దగ్గర నిలబడ్డ ఆడవాళ్లకు కూడా అదే పాఠం మొదలుపెట్టాను. కాముణ్ణి కాలుద్దాం, కోలలు వేద్దాం, రంగులు పూసుకుందాం, చుక్క నీళ్లు మాత్రం చల్లొద్దు అన్నాను. అందరూ తలలూపారు. (డ్రమ్ము నిండుతున్నంతసేపు మా గల్లీలో ఎవరేం చెప్పినా తలలూపేవారు.) పెద్దమ్మ ఒక్కతే ఊపలేదు. "మేమైతే చల్లం బిడ్డా. మీ ఇంటికి కొత్తల్లుడు వస్తుండు గద, గప్పుడు నువ్వేం జేస్తవ్?" అంది. అక్కడే కాస్త ఆగి ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. "మా ఇంట్ల హోలీకి చెంబెడు నీళ్లు ఒలికినా సరే, మళ్లచ్చే ట్యాంకర్ల మా రెండు డ్రమ్ములు నీయే పెద్దమ్మా!" అనేశాను. "ఇన్నరా అందరు?" అని ఆమె చుట్టూ చూసింది. అందరూ విన్నారు. మా అమ్మ కూడా విన్నది.

"నీ నోట్లె మన్నువడ" అని అమ్మ ఇంట్లోకి రాగానే అందుకుంది. "కాలువ ఒడ్డున పుట్టిన పిలగాడు. మొదటి హోలీకి మరదలు బిందెడు రంగునీళ్లు గుమ్మరియ్యకుంటే రేపు మీ అక్కను ఆళ్లింట్ల ఏమంటరు? కరువోళ్ల పిల్లను తెచ్చుకున్నం అనరా?" మా బావది మిర్యాలగూడ అవతల సాగరు కాలువ కింది ఊరు. అక్క పెళ్లయి ఏడాది కూడా కాలేదు. అటు చూస్తే అక్క పరువు, ఇటు చూస్తే నాలుగు రోజుల నీళ్లు, మధ్యలో నా నోరు.

మా దిక్కు హోలీ రంగంటే మోదుగు పూలు. గంపెడు పూలు తెచ్చి గుండిగలో ఉడకబెట్టి, గుడ్డలో వడగడితే కాషాయపు నీళ్లు తయారు. నేనేమో ఆ పూలనే ఎండబెట్టి దంచి పొడి చేద్దామనుకున్నాను. ఆదివారం పూట గుట్ట మీద తిరిగి సంచెడు పూలు ఏరుకొచ్చి ఎండబెట్టాను. అవి ఎండాక దంచబోతుంటే, మంచంలో కూర్చుని చూస్తున్న మా అవ్వ, "తొడిమెలు తియ్యవే, రెక్కలొక్కటే దంచు" అంది. "ఏటా తీస్తున్నమా అవ్వా?" అన్నాను. "ఏటా ఉడకవెట్టి వడగడ్తం గదనే. పొడికి గట్లగాదు, జర ఇను..." అని ఆమె ఇంకా ఏదో చెబుతూనే ఉంది. అప్పటికే నేను గల్లీ చివర ఉన్నాను. అక్కడెవరో పిల్లలు సీసాలో నీళ్లు నింపుతున్నట్టు అనుమానం వచ్చింది మరి. (తాగడానికే నింపుకుంటున్నారు పాపం.) తిరిగొచ్చి తొడిమెలతో సహా అంతా దంచిపారేశాను.

హోలీ నాడు తెల్లారినప్పటి నుంచి గల్లీలో పహరా తిరిగాను. ఏ ఇంట్లో బిందె చప్పుడైనా వాకిట్లో ప్రత్యక్షం. మా డ్రమ్ముల మూతల మీద రెండు రాళ్లు పెట్టి, పావుగంటకొకసారి వచ్చి రాళ్లు కదిలాయేమో చూసుకున్నాను. పొద్దెక్కాక బావా అక్కా బండి మీద దిగారు. బావ పాత తెల్లచొక్కా వేసుకొచ్చాడు, పాపం సిద్ధపడే. వాకిట్లో నిలబడి, కళ్లు మూసుకుని, చేతులు చాపి, "గుమ్మరియ్యి మరదలా!" అన్నాడు. నేను రెండు పిడికిళ్ల పొడి తీసి తలకు రుద్దాను, మెడకు పూశాను, కాలరు లాగి వీపులోకి కూడా వదిలాను. బావ ఒక కన్ను తెరిచాడు. "నీళ్లేయి?" "గింతే బావా. నీళ్లు లేని హోలీ!" అన్నాను, గల్లీ అంతటికీ వినబడేలా. అక్క మొహం చిన్నబోయింది. ఎదురింటి గడప మీద నుంచి పెద్దమ్మ చూస్తూనే ఉంది. నేను మాత్రం తల ఇంకో జానెడు పైకెత్తాను.

ఆ తల దిగడానికి ఎంతోసేపు పట్టలేదు. బావ ముందు మెడ గోక్కున్నాడు, తర్వాత వీపు, తర్వాత వెళ్లి ప్రహరీ గోడకు బర్రెలా రాసుకోవడం మొదలుపెట్టాడు. మోదుగు తొడిమెకు కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుందని, ఎండితే అది ఒంటికి అంటుకుని చంపుకుతింటుందని నాకు అప్పుడు తెలిసింది. "ఇదేం రంగు మరదలా! నాయినో!" అని బావ వాకిలంతా ఎగురుతుంటే, ఆటనుకుని గల్లీ పిల్లలు చుట్టూ చేరి ఆయన గెంతులకు సరిగ్గా కోలలు కొట్టారు. అమ్మ పరుగున వెళ్లి డ్రమ్ము మీది రాయి తీసింది. నేను అడ్డం నిలబడి, "వద్దమ్మా, మాటిచ్చిన!" అన్నాను. "నీ మాటతోని దురద వోతదానే?" అని నన్ను నెట్టేసి మొదటి బిందె గుమ్మరించింది. రెండోది, మూడోది. ఒక డ్రమ్ము అయిపోయింది. రెండోది కూడా అడుగంటింది. బావ ఇంకా గోక్కుంటూనే ఉన్నాడు. ఒక్క మనిషి మీద అన్ని నీళ్లు పోసిన హోలీ మా గల్లీ అంతవరకు చూడలేదు.

అప్పుడు పెద్దమ్మ లేచి దారి దాటి వచ్చింది. పందెం అడగడానికే అనుకుని నేను గోడకు కరుచుకుపోయాను. ఆమె చంకలో బిందె ఉంది. "జరుగు. అల్లుడు మీ ఒక్క ఇంటికేనా?" అని నిండు బిందె బావ నెత్తి మీద గుమ్మరించింది. ఆమె వెనక ఇంకొకామె, ఆమె వెనక మరొకామె. ట్యాంకర్ రావడానికి ఇంకా రెండు రోజులుంది. అవి వాళ్లు తాగే నీళ్లు. చివరికి దురద తగ్గి, బావ తడిసి ముద్దయి, "మా కాలువల మునిగినా గిన్ని నీళ్లు తగలయి అత్తమ్మా!" అని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. నేను పెరట్లోకి పోయి, ఎవరూ చూడకుండా కడుపునిండా ఏడ్చాను.

ట్యాంకర్ వచ్చిన రోజు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా వంతు రాగానే పెద్దమ్మ తానే పైపు తెచ్చి మా డ్రమ్ములో పెట్టింది. నేను బయటికి లాగాను. "మాటంటే మాటే పెద్దమ్మా" అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆమె "పోనీ తియ్ బిడ్డా" అంటుందని గంపెడాశ. ఆమె నన్ను ఒక క్షణం చూసి, "మంచిది" అని, ఆ రోజు బిందెలు తెచ్చిన ఇళ్లన్నింటికీ మా నీళ్లు పంచేసింది. ఇప్పుడు ఇంటింటికీ నల్లాలొచ్చాయి. నేను ఏటా హోలీకి పిల్లలకు అదే పాఠం చెబుతూనే ఉన్నాను. కాని ఆ మధ్యాహ్నం రెండు ఖాళీ డ్రమ్ములు దొర్లించుకుంటూ ఇంటికి పోయిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. ఆ డబడబ చప్పుడుకు గల్లీ గల్లీ అంతా గడపల్లోకి వచ్చి చూసింది. అయినా తల మాత్రం దించలేదు, పిచ్చిది.