దసరాకు వేసిన కొత్త సిస్టం

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం తెప్పించేదీ వాళ్లే. బాన్సువాడ బస్టాండు దగ్గర మా ఫోటో స్టూడియో నడిచిన రోజుల్లో మా ఆయన పెళ్లిళ్లకు వెళ్లి వీడియో తీసుకొచ్చేవాడు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని మిక్సింగ్ చేసేదాన్ని. పనికిరాని ముక్కలు కత్తిరించి, పాటలు కలిపి, రెండు రోజుల పెళ్లిని మూడు గంటలకు తేవడం నా పని.

తీసిన పెళ్లిళ్లన్నీ ఒక బయటి హార్డ్ డిస్క్‌లో ఉండేవి. ఇటుకంత నల్ల పెట్టె అది, వైరుతో కంప్యూటర్‌కు తగిలించేవాళ్లం. క్యాసెట్‌లోని పెళ్లిని ఆ పెట్టెలోకి ఎక్కించగానే మా ఆయన అదే క్యాసెట్ మీద ఇంకో పెళ్లి తీసేవాడు. మా వైపు స్టూడియోలన్నీ చేసే పనే. అంటే మిక్సింగ్ అయ్యేదాకా ఆ పెళ్లి ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఉండదు. తప్పని నాకు తెలుసు. నేనూ నోరు మూసుకునే ఉన్నాను.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు నేను ఇంట్లో పూలు పేర్చుకుంటుంటే, నిజామాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేసొచ్చిన మా మరిది స్టూడియోలో చేరి, కంప్యూటర్‌ను నడిపించే పాత సిస్టం తీసేసి కొత్త సిస్టం వేశాడు. ఫోటోలు ఎక్కించడానికి ఒక కొత్త కార్డు రీడర్ కూడా బిగించాడు. పండుగకు పిల్లలకు కొత్త బట్టలు వేసినంత సంబరంగా చేశాడు. నన్నొక మాట అడగలేదు. మరునాడు ఆయుధ పూజ. కెమెరాకు, కంప్యూటర్‌కు, పెట్టెకు కుంకుమ బొట్లు పెట్టాం. పూజలో పెట్టిన సామాను ఆ రోజు ముట్టుకోం కాబట్టి ఏం జరిగిందో తెలియలేదు. తర్వాతి రోజు కంప్యూటర్ వేస్తే పెట్టె లేదు. బల్ల మీద ఉంది, తెర మీద లేదు.

"ఏందిది? పెట్టె కనబడుతలేదేంది?" అన్నాను.

"ఫికర్ చెయ్యకు వదినా. కొత్త సిస్టం గదా, జర టైం తీసుకుంటది," అన్నాడు మరిది. టైం తీసుకోవడానికి అదేమన్నా కుక్కర్లో పప్పా?

సరిగ్గా అప్పుడే ఒక అవ్వ వచ్చి గడప బయట నిలబడింది. కాలువ కింది ఊరామె. శ్రావణంలో ఆమె మనుమరాలి పెళ్లి మద్నూర్‌లో జరిగితే, మగపెళ్లివాళ్లు పిలిచి మా చేతే వీడియో తీయించారు. మిక్సింగ్ ఇంకా మొదలుపెట్టలేదు. ఈలోగా, దసరాకు మూడు వారాల ముందు, అవ్వ పెనిమిటి పోయాడట.

"లోపటికి రా అవ్వా."

"వద్దు బిడ్డా. పూజ జేసిన దుకాణం. నేను రావద్దు." అక్కడి నుంచే చెప్పింది. "మా ముసలాయనది రేషన్ కార్డు మీద ఫోటో తప్ప ఇంకోటి లేదు. పెండ్లిల తిరిగిండు గదా, అండ్ల ఉంటడు. మాసికంలోపల ఒక్కసారి సూపెట్టు. నడుస్తుంటె సూడాలె."

మాసికం ఇంకో వారం. చూపిస్తానన్నాను.

వైరు మార్చాం. ముందు తీసి వెనక గుచ్చాం. వెనక తీసి మళ్లీ ముందు గుచ్చాం. పెట్టెకు లైటు వెలుగుతోంది, లోపల గుర్రుమంటూ తిరుగుతూనే ఉంది. "బొట్టు పెట్టినవ్ గదా, కుంకుమ లోపట పడ్డదేమో," అన్నాడు మా ఆయన. బొట్టు మూత మీద పెట్టాను. అయినా పాత బ్రష్‌తో వైరు గుచ్చే సందంతా తోమాను. తోముతూ ఆయన్ను తిట్టాను.

"క్యాసెట్ ఉందా?"

"దాని మీద కాలువ కింది క్యాంపు ఊర్ల గృహప్రవేశం తీసిన."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఆకులు కూడా మిగల్చని మనిషి.

నాలుగో రోజు మరిది తెర మీద ఏదో కిటికీ తెరిచాడు. డిస్కులన్నీ పట్టీలుగా కనిపించాయి. మా పెట్టె పట్టీ కూడా అందులో ఉంది, ఊరూ పేరూ లేకుండా. "ఫార్మాట్ కొడితే వచ్చేస్తది వదినా."

"కొడితే లోపలున్నది?"

"అదంత పోతది. పెట్టె మాత్రం మంచిగైతది."

వాడి మణికట్టు పట్టుకుని లాగేశాను. "దవాఖానకు దెస్తె మనిషిని జంపి మంచం బాగుజేసి ఇస్తవారా?" అని అరిచాను. అన్నదమ్ములిద్దరినీ బయటికి పంపి తలుపు వేసుకున్నాను.

ఆ పట్టీ మీద కుడి బటన్ నొక్కితే ఒక జాబితా వచ్చింది. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే వస్తుంది. కూడబలుక్కున్నాను. ఫార్మాట్ అనే మాటకు పై వరసలోనే, అక్షరం మార్చడం అని ఉంది. సిస్టం ప్రతి డిస్కుకూ ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తుంది. పాత సిస్టంలో మా పెట్టెకున్న అక్షరాన్ని కొత్త కార్డు రీడర్ పట్టేసుకుంది. బస్సులో మనం రుమాలు వేసిన సీట్లో ఇంకొకడు కూర్చున్నట్టు. పెట్టెకు ఇంకో అక్షరం ఇచ్చాను. తెరుచుకుంది. అంతే. ఆ మాత్రానికి నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదు. కోర్సు చేసినవాడికి ఆ పై వరస కనిపించలేదు! సంతోషించాల్సింది పోయి, అరికాలి మంట నెత్తికెక్కింది.

మాసికానికి రెండు రోజుల ముందు అవ్వ వచ్చింది. మళ్లీ గడప బయటే. "నువ్వు లోపటికి రాకుంటె నేను సూపెట్ట," అని చెయ్యి పట్టుకుని తెచ్చి, నా కుర్చీలోనే కూర్చోబెట్టాను.

వెతకడం మొదలుపెట్టాం. బరాత్‌లో లేడు. పుస్తె కట్టేటప్పుడు లేడు. బువ్వ బంతిలో పెళ్లికొడుకు మేనమామలు, బావలు, వాళ్లకు తెలిసిన మరాఠీ సావుకార్లు, అందరూ ఉన్నారు. పిలిచింది మగపెళ్లివాళ్లు కదా, కెమెరా వాళ్ల వెంటే తిరిగింది. అవ్వ రెప్ప వేయకుండా చూస్తోంది. నాకు మా ఆయన మీద కడుపు మండుతోంది. ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు.

చివరికి అక్షింతల దగ్గర, తెర ఎడమ అంచు నుంచి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, పిడికిట్లో బియ్యం. వెంటనే మా ఆయన గొంతు వినిపించింది: "ఓ తాతా, జర పక్కకు జరుగు. అడ్డమొస్తున్నవ్." ఆ చెయ్యి బియ్యంతోనే వెనక్కి వెళ్లిపోయింది.

"గదే ఆయన చెయ్యి," అంది అవ్వ. "ఇంకోపారి పెట్టు బిడ్డా."

పెట్టాను. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను. పెట్టిన ప్రతిసారీ మా ఆయన జరగమంటూనే ఉన్నాడు, తాత జరుగుతూనే ఉన్నాడు. ఐదోసారికి అవ్వ తెరను వేళ్లతో తాకి, నా వైపు తిరిగి అడిగింది.

"ఎవడు బిడ్డా గాడు? మనుమరాలికి అక్షింతలు సుత ఎయ్యనియ్యలే?"

మా ఆయన తల దించుకున్నాడు. మిక్సింగ్‌లో అలాంటి ముక్కలు ఎన్ని కత్తిరించి పారేశానో నాకే లెక్క లేదు. అవ్వకు ఆరోసారి పెట్టాను.