మైనం మీద జారిన సిద్ధాంతం

ఆ రోజుల్లో, కాగితం మీద నిరూపించింది లోకంలో జరిగి తీరుతుందని నాకు గట్టి నమ్మకం. తొంభైల చివర్లో, పరిశోధన పూర్తిచేయడానికి నెల గడువుండగా, కొయ్యూరులో టీచరుగా ఉన్న మా పిన్ని ఇంటికి చేరాను. వేడి తగిలితే మెత్తబడే జిగట పదార్థాన్ని రెండు పలకల మధ్య పెట్టి పైపలకను లాగితే, అది మందమంతా సమంగా జారుతుందా, లేక ఒక్క పొర దగ్గరే జారిపోతుందా అన్నది నా ప్రశ్న. సమంగానే జారుతుందని నలభై పేజీల్లో తేల్చేశాను. (అందులో సగం నాకే సరిగా అర్థమయ్యేవి కావు.) పొద్దున్నే కొండల మీంచి మంచు దిగి వాకిట్లో కూర్చునేది. ఆ తెల్లదనంలోకి చూస్తూ, కళ్లు తెరుచుకుని కలలు కనేదాన్ని.

పిన్నికి తేనె, మైనం తెచ్చే కొండ పెద్దమ్మ ఒకావిడ ఉండేది. ఒక మధ్యాహ్నం ఆవిడ దగ్గర మైనం తీసుకుని, రెండు చెక్కల మధ్య వేలెడు మందాన పరిచి, పెరట్లో ఏటవాలు బండ మీద ఎండలో పెట్టాను. కింది చెక్క కదలకుండా రాయి అడ్డం వేశాను.

"ఏటి సేత్తన్నావు గుంటా?" అంది పెద్దమ్మ.

"దీనిమీద కూర్చుని మెల్లగా, సమంగా కిందికి దిగుతాను పెద్దమ్మా. చూస్తూ ఉండు."

"పైసెక్క కాగిపోనాది. ఎక్కకు."

"లెక్క వేశాను."

"లెక్కకి ఎండ తెలుస్తాదేటి?"

కూర్చున్నాను. కాసేపు ఏమీ జరగలేదు. ఎదుటి కొండ వాలు మీద మబ్బు నీడ నెమ్మదిగా దిగుతోంది, దానితోపాటే నేనూ దిగుతున్నట్టు హాయిగా అనిపించింది. అంతలో పైచెక్క నన్నూ తీసుకుని బయల్దేరి, పిన్ని ఆరబోసిన చింతపండు మధ్యలో దింపింది.

పిన్ని కిటికీలోంచి చూసి, "అది ఏడాదికి సరిపడా చింతపండు" అని మాత్రం అంది.

పెద్దమ్మ నవ్వలేదు. కింది చెక్క తెచ్చి చూపించింది. మైనం అంచున నా వేళ్ల గుర్తులు చెక్కుచెదరలేదు. పైన మాత్రం సన్నటి పొర ఒకటి నున్నగా మెరుస్తోంది. "పైన ఏడెక్కినాది, అక్కడే మెత్తబడినాది, అక్కడే జారినాది. మిగతాదానికి నువ్వు ఎల్లిపోయిన సంగతే తెల్దు" అంది.

చింతపండు చేతులతోనే కాగితాలు తెరిచాను. మందమంతా ఒకే వేడి ఉంటుందని మూడో పేజీలోనే అనేసుకున్నాను. రవ్వంత తేడా ఉన్నా, వేడెక్కినచోట ఎక్కువ జారుతుంది, ఎక్కువ జారినచోట రాపిడికి ఇంకా వేడెక్కుతుంది. వేడి అటూ ఇటూ సర్దుకునేంత నిదానంగా లాగితేనే అంతా కలిసి జారుతుంది. మూడు వారాలు కూర్చుని మొదటినుంచీ తిరగరాశాను. పట్టా వచ్చింది.

కృతజ్ఞతల పేజీలో "కొయ్యూరు కొండల్లో మైనం తెచ్చే పెద్దమ్మకు" అని రాస్తే, మా గైడు పక్కన పెన్సిలుతో "పేరు?" అని రాశారు. నాకు తెలియదు. పిన్నికి ఉత్తరం రాస్తే, తనూ ఎప్పుడూ అడగలేదట. ఆ వాక్యం అలాగే అచ్చయింది. ఇప్పుడు ఆ పేజీ తీసినప్పుడల్లా నవ్వొస్తుంది. వేడికి, జిగటకు, జారుడుకు తలా ఒక గ్రీకు అక్షరం వెతికి పెట్టిన ఆ ఇరవయ్యారేళ్ల పిల్లకు, ఎదురుగా నిలబడ్డ మనిషిని పేరు అడగాలని తోచలేదు.