గోడ అవతలి గాలి

నా పదవీ విరమణకు నాలుగేళ్ళ ముందు, జూలై మొదటి వారంలో, ఒడిశాలోని బరంపురంలో నేను పనిచేస్తున్న బోధనాసుపత్రి పాథాలజీ విభాగంలో శవపరీక్ష నమూనాల బాధ్యత నాకు అప్పగించారు. అప్పటికి నేను అసోసియేట్ ప్రొఫెసర్‌ని. ఆ పని ఎవరూ కోరుకునేది కాదు. శవపరీక్ష చేసేది ఫోరెన్సిక్ విభాగం వాళ్ళు. మరణ కారణం కంటికి తేలనప్పుడు గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాల నుంచి చిన్న ముక్కలు కోసి, ఫార్మలిన్‌లో వేసి మాకు పంపుతారు. మేం వాటిని మైనంలో బిగించి, వెంట్రుకకన్నా పలచగా కోసి, రంగులద్ది, మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాస్తాం. చాలా రిపోర్టులు "ప్రత్యేకమైన మార్పులేవీ లేవు" అన్న వాక్యంతోనే ముగుస్తాయి.

రెండో వారంలో ఛత్రపూర్ నుంచి ఒక కేసు వచ్చింది. చనిపోయిన మనిషి దానయ్య, సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు, నలభై నిండలేదు. కుండపోతగా వాన కురిసిన రాత్రి గడిచి తెల్లవారేసరికి అతనికీ, అతని తల్లి కామమ్మకూ వాంతులు, ఆయాసం మొదలయ్యాయి. ఇద్దరినీ మా ఆసుపత్రికి తెచ్చారు. అతని రక్తపోటు ఎన్ని మందులిచ్చినా నిలబడలేదు. పది గంటలకు గుండె ఆగిపోయింది. తల్లి ఇంటెన్సివ్ కేర్‌లో స్పృహ లేకుండా ఉంది. ఆ ఇంట్లో మూడో మనిషి దానయ్య భార్య నూకరత్నం. చేపలమ్ముకునే ఆమెకు ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడమే ఆమె నేరమైంది.

దానయ్య తమ్ముడు ఎర్రయ్య, వదిన రాత్రి చేపల కూరలో విషం కలిపిందని పోలీసు ఠాణాలో ఫిర్యాదు ఇచ్చాడు. వాళ్ళ ఇంటిని ఆనుకుని ఒక వ్యాపారి ధాన్యం గోదాం ఉంది. ఎర్రయ్య అందులోనే బస్తాలు మోస్తాడు. ధాన్యానికి పురుగు పట్టకుండా వేసే బిళ్ళల గొట్టమొకటి తన గోదాంలో కనబడడం లేదని ఆ వ్యాపారి కూడా పోలీసులకు చెప్పాడు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. మింగినా ప్రాణం మీదికే, పీల్చినా ప్రాణం మీదికే. విరుగుడు లేదు. వార్డులో డాక్టర్లు కూడా ఆ బిళ్ళలనే అనుమానించారు. దాంతో కథ అందరికీ సరిపోయింది. దర్యాప్తు చేస్తున్న సబ్ ఇన్‌స్పెక్టరు శవపరీక్ష రిపోర్టు చేతికి రాగానే అరెస్టు అనుకుంటున్నాడు.

ఆ మధ్యాహ్నం నేనే స్వయంగా మార్చురీకి వెళ్ళాను. మామూలుగా వెళ్ళాల్సిన పని లేదు. ఫాస్ఫీన్ అన్న మాట వినబట్టి వెళ్ళాను.

ఎందుకో చెబుతాను. మన శరీరంలో ప్రతి కణం లోపలా ఇంకా చిన్న భాగాలు ఉంటాయి. వాటిని కణాంగాలు అంటాం. వాటిలో మైటోకాండ్రియా పని కణానికి శక్తి తయారుచేసి పెట్టడం. మనం పీల్చే ఆక్సిజన్ చివరికి చేరేది అక్కడికే. ఫాస్ఫీన్ ఆ చివరి మెట్టు దగ్గర అడ్డు పడుతుంది. మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, రక్తంలో ఆక్సిజన్ ఉంటుంది, కణం మాత్రం దాన్ని వాడుకోలేదు. మైటోకాండ్రియా ఉబ్బి, లోపలి మడతలు చిట్లిపోతాయి. నిరంతరం పనిచేసే గుండె కండరంలో అవి ఎక్కువ. అందుకే గుండె ముందు పడిపోతుంది. ఆ మడతలు మామూలు మైక్రోస్కోపుకు కనబడవు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కావాలి. దానికి ఫార్మలిన్ ముక్క సరిపోదు. గ్లుటరాల్డిహైడ్ అనే ద్రవంలో, వీలైనంత త్వరగా, బియ్యపు నూకంత ముక్క వేయాలి. ఆ సీసా జేబులో పెట్టుకుని వెళ్ళాను.

మార్చురీ బయట బెంచీ మీద నూకరత్నం కూర్చుని ఉంది. పక్కన ఒక కానిస్టేబులు. ఎర్రయ్య నాలుగడుగుల దూరంలో నిలబడి, వచ్చినవాళ్ళందరికీ ఒరియాలో అదే కథ చెబుతున్నాడు. నేను అటెండరుతో తెలుగులో మాట్లాడడం విని ఆమె లేచి నిలబడింది. ఏడవలేదు.

"డాక్టరమ్మా, నువ్వు మా బాస మనిసివే కదా. ఒక మాట రాసుకో. ఆ కూర నానూ తిన్నాను. మా అత్తకీ ఆయనకీ ఎట్టి, మిగిలింది నాను ఊడ్సుకు తిన్నాను."

రాసుకోవడం పోలీసుల పని అని చెప్పాను. ఆమె వినలేదు.

"ఆల్లు రాయరు. సీకటితోనే గంపట్టుకొని ఎల్లాలి కదా, అందుకని నాను ఎప్పుడూ అరుగు మీదే తొంగుంటాను. లోపల కుల్లు సేపల వాసనొస్తందని మా అత్త సందేల నన్ను తిట్టింది. గంప రెండుసార్లు కడిగీసినాను, పెరట్లో ఎట్టీసినాను. అయినా వాసన పోనేదు. నా గంపలో సేప కుల్లదు. కుల్లిన సేప నాను కొనను. ఊరందర్నీ అడుగు."

ఫాస్ఫీన్‌కు కుళ్ళిన చేపల వాసన ఉంటుందని ఆమెకు తెలియదు. నాకు తెలుసు. చేపలమ్మే ఇంట్లో ఆ వాసన వస్తే ఎవరికి అనుమానం వస్తుంది? నేను మరో ప్రశ్న అడిగాను. పొద్దున ఇంట్లో ఇంకేమైనా తేడాగా కనిపించిందా అని. గోడ వారన బొద్దింకలు వెల్లకిలా పడి ఉన్నాయని, రెండు బల్లులు కూడా చచ్చి ఉన్నాయని చెప్పింది.

బల్లి చేపల కూర తినదు.

లోపల ఫోరెన్సిక్ ప్రొఫెసరు నా ఎదుటే కడుపులోని ద్రవానికి పరీక్ష చేశారు. ద్రవాన్ని గాజుకుప్పెలో వేసి కొద్దిగా వేడి చేసి, మూతి మీద సిల్వర్ నైట్రేట్‌లో తడిపిన కాగితం పెడతారు. ఫాస్ఫీన్ ఉంటే కాగితం నల్లబడుతుంది. నల్లబడలేదు. అయితే వార్డులో అప్పటికే అతని కడుపు కడిగారు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని ఏమీ చెప్పలేమని ఆయన అన్నారు. ఆయన మాట సరైనదే. నేను గుండె ఎడమ గది నుంచి నూకంత ముక్కలు మూడు తీసుకున్నాను. అదే రోజు, దాదాపు అంతే ఆలస్యంతో శవపరీక్ష జరిగిన ఒక రోడ్డు ప్రమాద మృతుడి గుండె నుంచి కూడా, ప్రొఫెసరు రాతపూర్వక అనుమతితో, అలాగే తీసుకున్నాను. మనిషి చనిపోయిన కొద్ది గంటలకు మైటోకాండ్రియా తనంతట తానే ఉబ్బుతుంది. పోల్చడానికి రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు. రెండు సీసాల మీదా పేర్లు రాయకుండా అంకెలు మాత్రమే వేసి, వేరే రాష్ట్రంలోని పరిశోధన సంస్థకు పంపించాను. ఫలితం రావడానికి వారాలు పడుతుంది. నూకరత్నానికి అంత వ్యవధి లేదు.

మర్నాడు మా విభాగాధిపతి దగ్గరికి వెళ్ళి, ఛత్రపూర్‌లో ఆ ఇంటి గాలిని పరీక్షించాలన్నాను. ఆయన మంచి మనిషి, జాగ్రత్తపరుడు. పాథాలజిస్టు పని గాజుపలక దాకానే, ఇళ్ళ చుట్టూ తిరగడం పోలీసుల పని అన్నారు. సబ్ ఇన్‌స్పెక్టరుకు ఫోన్ చేశాను. విసెరా, అంటే లోపలి అవయవాల నమూనాలు, ప్రభుత్వ ల్యాబుకు పంపామని, అది చాలని ఆయన అన్నాడు. ఫాస్ఫీన్ గాలిలో కలిసిపోయే వాయువు, నెలల తర్వాత ఆ ల్యాబుకు ఏమీ దొరక్కపోవచ్చు, అప్పటిదాకా ఆమె జైల్లో ఉంటుంది అన్నాను. చట్టం తన పని తాను చేసుకుపోతుందన్నాడు.

"చేసుకోనివ్వండి. ఇంటి గాలి చూడమని నేను అడిగానని, మీరు అక్కర్లేదన్నారని నా రిపోర్టు మొదటి పేరాలో రాస్తాను. కోర్టులో చదివి వినిపిస్తాను కూడా," అన్నాను.

రేపు పదకొండు గంటలకు రమ్మన్నాడు.

విభాగాధిపతికి ఒకరోజు క్యాజువల్ లీవు కాగితం ఇచ్చాను. కారణం అడగకుండా సంతకం పెట్టారు.

మా సీనియర్ టెక్నీషియన్ పాణి బాబు, ఒరియా ఆయన, నాతోపాటే సెలవు పెట్టాడు. సిల్వర్ నైట్రేట్ మా దగ్గరే ఉంటుంది, కాలేయపు స్లైడుల్లో సన్నని పోగులు చూడడానికి వాడతాం. ఆయన వడపోత కాగితాలను దానిలో తడిపి నల్ల కవర్లో పెట్టాడు. వాటితోపాటు లెడ్ ఎసిటేట్ కాగితాలు కూడా చేయించాను. మురుగు కాలవ వాయువు తగిలినా సిల్వర్ కాగితం నల్లబడుతుంది. అప్పుడు లెడ్ కాగితం కూడా నల్లబడుతుంది. ఫాస్ఫీన్‌కైతే లెడ్ కాగితం తెల్లగానే ఉంటుంది.

ఇంటికి రెండు గదులు, ముందు కప్పు ఉన్న అరుగు. పోలీసులు తాళం వేసి మూడో రోజు. గోదాం తలుపు మూసే ఉంది. బిళ్ళలతో ధాన్యానికి ధూపం పెట్టి ఉంటే, బస్తాల మీద కప్పిన టార్పాలిన్ పట్టా వారం దాకా తీయరు, వాయువు ఇంకా ఉంటుంది. తలుపు తీయించి, ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు. పొడవాటి వెదురుకర్రకు రెండు రకాల కాగితాలూ కట్టి, ఒక జత గోదాం గోడ దగ్గరికి, ఒక జత వంటగదిలోకి కిటికీ గుండా పెట్టించాను. మూడో జత నూకరత్నం పడుకునే అరుగు మీద వేలాడదీశాం. అరగంట అన్నాను. అందరం వీధిలో నిలబడ్డాం. నూకరత్నం, కానిస్టేబులు, సబ్ ఇన్‌స్పెక్టరు, చుట్టుపక్కలవాళ్ళు. ఎర్రయ్య కూడా వచ్చాడు. గోదాం వ్యాపారి తన గుమాస్తాను పంపించాడు.

అరగంట తర్వాత పాణి బాబు కర్ర వెనక్కి లాగాడు. గోడ దగ్గరి సిల్వర్ కాగితం మసిబారిన పెనంలా ఉంది. వంటగదిది బూడిదరంగు. అరుగు మీదది తెల్లగా ఉంది. మూడు చోట్లా లెడ్ కాగితాలు తెల్లగానే ఉన్నాయి. నేను ఒక్కొక్కటే సబ్ ఇన్‌స్పెక్టరు చేతికిచ్చి, ఏది ఎక్కడిదో చెప్పి, కవర్ల మీద సాక్షుల సంతకాలు పెట్టించమన్నాను.

గుమాస్తా, ఆమె దొంగిలించిన బిళ్ళలు ఇంట్లోనే దాచిందేమో వెతకండి అన్నాడు. నూకరత్నం అతనివైపు రెండడుగులు వేసింది.

"ఎతుకు. ఇల్లంతా తవ్వీ. నేకపోతే నీ గోదాం తలుపు తియ్యి, ఆ గోడ అవతల ఏటుందో అందరికీ సూపించు!"

అప్పుడు ఎర్రయ్య నేలమీద కూలబడ్డాడు. తల పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పాడు.

"ఆ పగలు బిల్లలు ఎట్టింది నానే. పట్టా ఆ గోడేపు సాల్నేదు. సాల్నేదని సెప్పినాను. పర్నేదు, కప్పీ అన్నారు సావుకారు."

శిక్షణ పొంది అనుమతి ఉన్నవాళ్ళే ఆ ధూపం పెట్టాలి. మనుషులు నిద్రపోయే ఇల్లు పక్కనుంటే అసలు పెట్టకూడదు. పైగా వాన. తేమకు బిళ్ళలు వేగంగా వాయువు వదిలాయి. వానకే ఇంట్లోవాళ్ళు కిటికీలు మూసుకున్నారు. గోడ పైభాగాన దూలం చుట్టూ అరచేయి పట్టే సందు ఉంది. కనబడడం లేదని వ్యాపారి చెప్పిన గొట్టంలోని బిళ్ళలు ఆ పట్టా కిందే ఉన్నాయి. అన్న చావుకు కారణం తన చేతులే అన్న భయాన్ని ఎర్రయ్య మూడు రోజులు వదిన మీద మోపి తిరిగాడు. నూకరత్నం అతన్ని తిట్టలేదు. అతని వైపు చూడనూ లేదు. ఆసుపత్రికి తిరిగి ఎలా వెళ్ళాలో, అత్తకు తెలివొచ్చిందో లేదో కానిస్టేబులును అడిగింది.

కామమ్మకు ఆ సాయంత్రమే స్పృహ వచ్చింది. పన్నెండు రోజులకు ఇంటికి వెళ్ళింది. ఇంటికి అంటే మరో వీధిలోకి. కోడలితోనే.

ఏడో వారంలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాలు వచ్చాయి. ఒకటో అంకె సీసాలో మైటోకాండ్రియా విపరీతంగా ఉబ్బి, లోపలి మడతలు ముక్కలై, చాలావరకు ఖాళీ సంచుల్లా ఉన్నాయి. రెండోదానిలో ఉబ్బు స్వల్పం, మడతలు చాలావరకు నిలిచి ఉన్నాయి. ఒకటో అంకె దానయ్యది. తోటి డాక్టరు ఒకాయన, ఇక "ఫాస్ఫీన్ వల్లే" అని గట్టిగా రాసెయ్యమన్నాడు. అలా రాస్తే నూకరత్నానికే మేలు అన్నాడు. నేను రాయలేదు. "ఫాస్ఫీన్ విషప్రభావానికి అనుగుణంగా ఉన్నాయి. ఇవి మాత్రమే దాన్ని రుజువు చేయవు" అని రాశాను. అబద్ధం ఆమెకు వ్యతిరేకంగా ఉంటే ఎదిరించి, అనుకూలంగా ఉంటే సంతకం పెట్టడం నాకు చేతకాలేదు.

ఛత్రపూర్ కోర్టులో ఆ వాక్యమే నన్ను కాపాడింది. గోదాం యజమాని తరఫు వకీలు సిద్ధపడి వచ్చాడు. చనిపోయాక కణాలు వాటంతటవే పాడవుతాయా లేదా, ఒక్క మాటలో చెప్పమన్నాడు. పాడవుతాయన్నాను. అయితే మీ చిత్రాలకు విలువ లేదు కదా అన్నాడు. అవి మాత్రమే రుజువు చేయవని నేనే రాశాను, అందుకే రెండో గుండె తీసుకున్నాను, అది రిపోర్టులో మూడో పేజీలో ఉంది, అందుకే గోడ దగ్గర కాగితం కూడా పెట్టాను అన్నాను. పాథాలజిస్టుకు గోడతో ఏం పని అని అడిగాడు. గోడకు అవతల ఉన్నది మీ కక్షిదారు కాబట్టి అన్నాను. జడ్జిగారు నన్ను ప్రశ్నకు మాత్రమే జవాబు చెప్పమన్నారు. చెప్పిన మాట మాత్రం రికార్డులోకి వెళ్ళింది.

ఎర్రయ్య సాక్ష్యం చెప్పాడు. నిర్లక్ష్యం వల్ల మరణం కింద యజమానికి శిక్ష పడింది. అతను అప్పీలుకు వెళ్ళాడు. అది తేలకముందే నేను రిటైరయ్యాను. నూకరత్నం మరిదిని మళ్ళీ గుమ్మం ఎక్కనిచ్చిందో లేదో నేను అడగలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఇది. కణం తనకు ఏ దెబ్బ తగిలిందో చెబుతుంది, ఆ దెబ్బ ఏ దారిన వచ్చిందో చెప్పదు. చెప్పనిదాన్ని చెప్పినట్టు రాయకూడదు. ఆ దారి కావాలంటే మైక్రోస్కోపు ముందు స్టూలు మీంచి లేచి వెళ్ళి చూడాలి. అది మన పని కాదని ఎవరో ఒకరు చెబుతారు. చెప్పనివ్వాలి, వెళ్ళాలి.