గాల్లో ఎగిరిన మనిషి ఎముకలు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది. అప్పుడు నేను ఒమన్‌లో, సూర్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేదాన్ని. మాది జగిత్యాల. సూర్ సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి వలలు లాగి లాగి భుజాలు అరిగినవాళ్లు, సైట్‌లో బరువులెత్తి నడుము పట్టేసినవాళ్లు, గ్యాస్ ప్లాంట్ ఉద్యోగుల కుటుంబాలవాళ్లు మా దగ్గరికి వచ్చేవారు. ఆడవాళ్లందరినీ నేనే చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం నలభై దగ్గర పడుతున్న యూరప్ మహిళ మోకాలి నొప్పి అంటూ వచ్చింది. ఆమెను హన్నా అందాం. భర్త ప్లాంట్‌లో ఇంజినీరు. బాగా సన్నగా ఉంది, కానీ నడుము ఏమాత్రం వంగకుండా నిలబడింది. వెనకాలే వాళ్లింట్లో పనిచేసే మస్తానమ్మ. కడప జిల్లా మనిషి. నా మాట వినగానే తెలుగుదాన్నని పట్టేసింది.

మా పనిలో నొప్పిని అంకెల్లో చెప్పమంటాం. అసలు లేకపోతే సున్నా, తట్టుకోలేనంత ఉంటే పది.

"మీకెంత?" అని అడిగాను.

"రెండు," అంది నవ్వుతూ.

మోకాలు చూశాను. వాపు లేదు, ఎక్కడ నొక్కినా నొప్పి లేదు. తుంటిలో లోపం ఉన్నప్పుడు నొప్పి మోకాల్లో తెలియడం మామూలే. అందుకని పడుకోబెట్టి, కాలు మడిచి, తుంటిని మెల్లగా లోపలికి తిప్పాను. ముఖం మీద అదే నవ్వు. కానీ ఆమె చెయ్యి దుప్పటిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్లు తెల్లబడిపోయాయి.

"ఇప్పుడెంత?"

"రెండు."

నేను కాలు వదిలేశాను. లేవొద్దని చెప్పి పక్కకు వచ్చేసరికి మస్తానమ్మ నా వెంటే వచ్చింది.

"డాక్టరమ్మా, ఆయమ్మ అబద్ధం చెప్తాండాది. రోజూ సాయంత్రం సముద్రం పక్కన నడస్తానే ఉంటాది. వారం నుంచి కాలు ఈడస్తాండాది. అన్నం అనేది ముట్టదు. ఒక ఆపిలు కోసుకోని దాన్నే మధ్యానం దాకా నములుతాది. నాకు భయమేసి ఎంటబడి వచ్చినా."

మా ఆర్థోపెడిక్ డాక్టరు ఈజిప్టు ఆయన. ఎక్స్‌రేలో ఏమీ స్పష్టంగా కనబడకపోతే ఆగకుండా ఎంఆర్ఐకి పంపాడు. రిపోర్టు చూశాక నన్ను పిలిచి తెర మీద వేలు పెట్టి చూపించాడు. తొడ ఎముక తుంటిలో కలిసేచోట, పైఅంచున పగులు. స్ట్రెస్ ఫ్రాక్చర్. అంటే దెబ్బ తగలకుండానే, ఎముక అలిసిపోయి చిట్లడం. అది ఏ క్షణంలోనైనా రెండుగా విరిగిపోవచ్చు.

"ఇక ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఈవిడ ఎలా వచ్చింది, వీల్‌చైర్‌లోనా?" అన్నాడు.

"కారు నడుపుకుంటూ వచ్చింది. లిఫ్టు దగ్గర జనం ఉన్నారని మెట్లెక్కి వచ్చిందట," అన్నాను. ఆయన వెంటనే నర్సును పిలిచి వీల్‌చైర్ తెమ్మన్నాడు.

హన్నాకు విషయం చెప్పాడు. ఆపరేషన్ చేసి స్క్రూలు వేయాలి, వెంటనే అంబులెన్సులో మస్కట్ వెళ్లాలి అన్నాడు. ఆమె అంతా శ్రద్ధగా వింది. నయమవుతుందా అని అడుగుతుందనుకున్నాను. అడిగింది వేరే.

"అన్నాళ్లు మంచం మీద ఉంటే ఎన్ని కిలోలు పెరుగుతాను?"

డాక్టరు ఫోన్ తీసి అంబులెన్సుకు చెప్పాడు.

మస్కట్‌లో ఆపరేషన్‌తో పాటు బోన్ డెన్సిటీ పరీక్ష కూడా చేశారు. ఎముక ఎంత గట్టిగా ఉందో చెప్పే పరీక్ష అది. ఆ ఫలితం మీద పేరు లేకుండా నాకు చూపిస్తే, మా నాయనమ్మ వయసు మనిషిదే అనుకునేదాన్ని.

ఆమె ఎవరో నాకు అప్పటికీ తెలియదు. ఆపరేషన్ తర్వాత నడక నేర్పడానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు మస్తానమ్మే చెప్పింది. "మేడమ్‌కు కొండ మీంచి ఎగిరే పని ఉండె అంట. వాళ్ల దేశంలో పేపర్లలో ఫోటోలు ఏసినారంట."

హన్నా ఫోన్‌లో వీడియో పెట్టింది. తాటిచెట్లను మించిన ఎత్తులో ఒక ఏటవాలు. దాని మీద మంచు గాడి. హెల్మెట్ పెట్టుకున్న ఒక అమ్మాయి కాళ్లకు బిగించుకున్న పొడవాటి స్కీ పలకల మీద కూర్చున్నట్టుగా వంగి కిందికి జారింది. అంచు రాగానే గాల్లోకి లేచింది. స్కీలను రెక్కల్లా విప్పి, వాటి మీదికి వాలి, అలా తేలుతూ పోయింది. పడదేమిటి అనిపించేంతసేపు పోయింది. కింద కాళ్లు ఆనించగానే వేలమంది అరిచారు.

"అది నేనే. స్కీ జంపింగ్‌లో ఆ ఏడాది జాతీయ ఛాంపియన్‌ని," అంది.

ఆ తర్వాత, ఎక్సర్‌సైజుల మధ్య, కొంచెం కొంచెంగా ఆమె బతుకంతా తెలిసింది. ఆరేళ్లప్పుడు అన్నలతో కలిసి ఇంటి వెనక చిన్న మంచు దిబ్బ మీంచి దూకడం మొదలుపెట్టింది. పదేళ్లకల్లా వాళ్లిద్దరినీ మించిపోయింది. కానీ అన్నలకు ఉన్న పెద్ద పోటీలు ఆమెకు లేవు. ఆడవాళ్లు అంత ఎత్తునుంచి దూకితే గర్భసంచి పాడవుతుందని ఆ ఆటను నడిపే పెద్దమనుషులే అనేవారట. ఆ పోటీల కోసం ఏళ్ల తరబడి కొట్లాడిన అమ్మాయిల్లో ఈమె కూడా ఉంది.

"చివరికి పోటీలు వచ్చాయి. అప్పుడు కోచ్ తూకం యంత్రం తెచ్చాడు. ఎంత తేలికగా ఉంటే అంత దూరం ఎగురుతావన్నాడు. అది నిజమే. నేను తినడం మానేశాను, ఇంకా దూరం ఎగిరాను."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"చప్పట్లు కొట్టారు."

పదహారేళ్లకు ఆమె నెలసరి ఆగిపోయింది. ఆట మానేసేదాకా, దాదాపు పదేళ్లు, మళ్లీ రాలేదు. టీమ్ డాక్టరుకు చెబితే ఆటగాళ్లకు మామూలే అన్నాడట. నెలసరి ఆగితే ఎముకకు అందవలసిన రక్షణ అందదు. ఎముక గట్టిపడవలసిన వయసు అదే. దూకడం వల్ల ఆమె గర్భసంచికి ఏమీ కాలేదు. తినకపోవడం వల్ల మాత్రం పిల్లలూ పుట్టలేదు, ఎముకలూ మిగల్లేదు.

ఛాంపియన్ అయిన రోజు వాళ్లమ్మ కేకు చేసి ఊరందరినీ పిలిచిందట. హన్నా కోసి అందరికీ పంచింది. తన ముక్కను నాప్కిన్‌లో చుట్టి జేబులో పెట్టుకుని, బయటికెళ్లి మంచులో పూడ్చింది. ఇది చెబుతూ కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఒకరోజు నిలబెట్టి, ఆపరేషన్ అయిన కాలి మీద కొంచెం బరువు వేయమన్నాను. నవ్వుతూనే వేసింది. ఉన్నట్టుండి ఆ నవ్వు పోయింది.

"ఏడు," అంది.

వెంటనే ఆపించి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె బిత్తరపోయి చూసింది.

"ఆపేశారా? నొప్పి అంటే ఆపేస్తారా?"

"మరి ఏం చేస్తారు?"

ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది. వంటింట్లోంచి మస్తానమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, ఏం అడగకుండా ఆమె తల తన కడుపుకు ఆనించుకుంది.

ఆ రోజే మస్తానమ్మ రాగిసంగటి, పప్పు చేసి ముందు పెట్టింది. హన్నా గిన్నె వైపు భయంగా చూసి, "ఎంత తినాలి?" అని అడిగింది.

"కుల్లు మేడమ్, కుల్లు," అంది మస్తానమ్మ, అరబీలో అంతా అని. నాతో మాత్రం, "సగం తిన్నా మొక్కుకుంటా," అంది. హన్నా నాలుగు ముద్దలు తింది. డైటీషియన్, మానసిక వైద్యురాలు, మందులు అన్నీ తర్వాత వచ్చాయి. సులువుగా ఏమీ జరగలేదు. మధ్యలో రెండుసార్లు మొదటికొచ్చింది. అయినా ఏడాది తిరిగేసరికి కర్ర లేకుండా నడిచింది. ఇంట్లో ఉన్న తూకం యంత్రాన్ని మస్తానమ్మకు ఇచ్చేసింది. ఆమె సెలవు మీద ఊరికి పోతూ దాని మీద తన లగేజీ తూచుకుంది.

హన్నావాళ్లు దేశానికి తిరిగి వెళ్లిపోయారు. నేను మస్కట్‌కు మారి, ఇప్పుడు అక్కడి ఘుబ్రా ప్రాంతంలో పనిచేస్తున్నాను. ముఖాన్ని చూసి నొప్పిని అంచనా వేయడం ఆ కేసుతోనే మానేశాను. ఆటలాడే ఆడపిల్ల ఎవరొచ్చినా, ఏ నొప్పితో వచ్చినా, రెండు ప్రశ్నలు తప్పకుండా అడుగుతాను. నిన్న ఏం తిన్నావు? నెలసరి సరిగ్గా వస్తోందా?

మొన్న ఒక తెలుగు తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. స్కూల్లో పరుగు పందేల అమ్మాయి. కప్పులన్నీ తనవే. కాలి ముందు ఎముక నొప్పి. నా ప్రశ్నలకు తల్లి నొచ్చుకుంది.

"కాలు నొప్పని వస్తే ఇవన్నీ ఎందుకండీ? మా పాప బంగారంలా ఉంది."

అమ్మాయి తల దించుకుంది. "వేసవి సెలవుల ముందు నుంచీ రావట్లేదాంటీ," అంది, చాలా చిన్నగా. "అమ్మకు చెప్పలేదు. లంచ్ బాక్స్ ఫ్రెండ్స్‌కి ఇచ్చేస్తాను."

తల్లి వచ్చి కూతురి పక్కన కూర్చుంది. నేను ఎక్స్‌రే గదికి ఫోన్ చేసి, వీల్‌చైర్ పంపమన్నాను.