గుర్రం విప్పిన పూట

మా చిత్తూరులో జట్కా తోలినవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, గుర్రం కష్టం లోపలినుంచి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒకపూట నేనే గుర్రాన్నయ్యాను. నాకూ నా గుర్రానికీ మధ్య తెలివి ఎవరికి ఎక్కువో కూడా ఆ పూటే ఊరికి తేలిపోయింది. మూడో క్లాసులో మా అయ్యవారికి తెలిసిన సంగతే అది. ఊరికి కొంచెం ఆలస్యంగా తెలిసింది, అంతే.

యుద్ధం రోజులు. పెట్రోలు కరువై బస్సులు బొగ్గు పొయ్యిలు వీపున కట్టుకుని దగ్గుతూ తిరిగేవి. జట్కాలకు మంచి గిరాకీ. అప్పుడే నా భార్యకు రెండో కానుపు దగ్గర పడింది. మొదటిసారి బిడ్డ అడ్డం తిరిగితే, మా వీధిలో సగంమందికి పురుడు పోసిన మా అవ్వే చేతులెత్తేసి ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. అక్కడ కడుపు కోసి పిల్లవాణ్ణి తీశారు. ఇద్దరూ దక్కారు. కానీ ఆమె చాలాకాలం బిందె ఎత్తలేకపోయింది. ‘బిడ్డను కన్నది డాక్టరమ్మ, ఈమె కాదు’ అని వీధిలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చి, నేనూ నవ్వి, ఆమెకు వినిపించాను.

అందుకే ఈసారి తనే కనాలని ఆమె పట్టు. డాక్టరమ్మ పరీక్ష చేసి, కుట్టు బాగా మానింది, బిడ్డ తల కిందికే ఉంది, ప్రయత్నం చేయవచ్చునంది. అయితే నొప్పుల్లో లోపలి కుట్టు విడిపోతే వెంటనే కోసి తీయాలట. కాస్త ఆలస్యమైతే తల్లీ ఉండదు, బిడ్డా ఉండదు. కాబట్టి నెల ముందే వచ్చి ఆసుపత్రి వెనక షెడ్డులో ఉండమంది. దూరం ఊళ్ళవాళ్ళూ, కష్టం కానుపులవాళ్ళూ అంతా అక్కడే ఉండేవారు. వెంట వచ్చినవాళ్ళు అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి వండేవారు.

చిక్కంతా ఆ పొయ్యి దగ్గరే వచ్చింది. మొదటిసారి వండిపెట్టిన మా అత్త ఇప్పుడు లేదు. అవ్వకు చూపు ఆనదు. ఇక వండాల్సింది నేను, ఆ షెడ్డునిండా ఉన్న ఆడవాళ్ళ మధ్య. అంతకు ముందు ఏడు మా జట్కా స్టాండులో ఒకతను భార్య కోసం అక్కడ వండాడు. అతనికి ‘గరిటె’ అని పేరు పెట్టింది నేనే. స్టాండులో అందరూ అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఇప్పుడు నా చేతికి గరిటె వస్తే వాళ్ళు ఊరుకుంటారా?

“మాకు షెడ్డెందుకమ్మా? గుర్రం మా వాకిట్లోనే ఉంటాది. ఆమె నొప్పనే లోపల మీ మెట్ల కాడుంటాం” అన్నాను డాక్టరమ్మతో. డాక్టరమ్మ నా భార్య వైపు చూసింది. ఆమె తల వంచుకుంది.

తన వంతు మాత్రం ఆమె తప్పలేదు. పొద్దున్నే కట్టమంచి వైపు నడిచి వచ్చేది. రాగి సంగటి, ఆకుకూర, ఏది తినమంటే అది తినేది. బరువెత్తకూడదు గనుక నీళ్ళు నేనే మోసేవాణ్ణి, ఎవరూ లేవకముందే. కూర్చున్నా పడుకున్నా ఆమె చెయ్యి కుట్టు మీదే ఉండేది, నిద్రపోతున్న పిల్లను కదలకుండా పట్టుకున్నట్టు.

నొప్పులు ఒకనాడు మధ్యాహ్నం అన్నం వేళకు మొదలయ్యాయి. చెప్పినట్టే గుర్రాన్ని కట్టి బండి వాకిట్లో నిలబెట్టాను. ఆమెను ఎక్కించడానికి లోపలికి వెళితే అవ్వ అడ్డం వచ్చింది. ఇంట్లో ముడి అనేది ఉంటే కానుపు బిగుసుకుంటుందని మా పెద్దల నమ్మకం. “కట్టిందంతా ఇప్పురా ముందు. పోయినసారి ఆ ధాన్యం మూట ఇప్పకుండా మరిచినాం, అందుకే అడ్డం తిరిగింది” అంది అవ్వ.

భయం పట్టినవాడికి చేతులకేదో పని కావాలి. ధాన్యం మూట విప్పాను. పక్కబట్టల తాడు విప్పాను. ట్రంకుపెట్టె తాళం తీశాను, కుండల మూతలు తీశాను, ఆమె జడ విప్పాను. బయటికి పరుగెత్తి దూడ పలుపు విప్పాను. అదే ఊపులో గుర్రం పట్టీలు, కళ్ళెం, అన్నీ విప్పేశాను. గుర్రం ఒకసారి నా మొహం చూసింది. తల విదిలించుకుని, రోజూ పోయే దారినే స్టాండుకు వెళ్ళిపోయింది.

వెంట పరుగెత్తి పట్టుకొస్తాను అన్నాను. ఆమె గడప పట్టుకుని నిలబడింది. “కుట్టు కాడ లాగతా ఉండాది మామా” అంది. ఇక గుర్రం వెంట పడే వ్యవధి లేదు.

పిల్లవాణ్ణి పక్కింట్లో అప్పజెప్పి, ఆమెనూ అవ్వనూ బండిలో ఎక్కించి, ముందరి రెండు కర్రల మధ్య నేను దూరాను. ఆసుపత్రికి వేరే దారి లేదు, స్టాండు ముందునుంచే పోవాలి. అక్కడ వరసలో, తన చోట్లో, నా గుర్రం నిలబడి ఉంది. మధ్యాహ్నం మేతకని మిగతా గుర్రాలనూ విప్పేసి ఉన్నారు; ఏదో ఒకదాన్ని కట్టేలోపు ఆసుపత్రే వచ్చేస్తుంది. జట్కావాళ్ళంతా నన్ను చూశారు. పగలబడి నవ్వుతారనుకున్నాను. నవ్వితే బాగుండేది. నేను పేరు పెట్టినతను లేచి వచ్చి, ఒక కర్ర నా చేతిలోంచి తీసుకుని, నాతో సమంగా లాగాడు. మరో ఇద్దరు వెనకనుంచి తోశారు. బండిలోంచి ఆమె మూలుగు వినిపించినప్పుడల్లా అతను అడుగు పెంచేవాడు. నాకు అతని వైపు చూసే మొహం లేకపోయింది.

మెట్ల దగ్గర డాక్టరమ్మ గుర్రం ఏదని అడిగింది. అవ్వ దాపరికం లేకుండా చెప్పేసింది. డాక్టరమ్మ వెంటనే నా భార్యను లోపలికి తీసుకెళ్ళింది. పొద్దు వాలే దాకా ఆ మెట్ల మీదే కూర్చున్నాను. కోయడానికి అన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నారట గానీ అవసరం పడలేదు. ఆడపిల్ల. తనే కన్నది.

కొన్నాళ్ళు అక్కడే ఉంచాలన్నారు. తప్పించుకున్న పొయ్యి దగ్గరికే వచ్చి పడ్డాను. షెడ్డులో ఆడవాళ్ళకు కథంతా అప్పటికే తెలుసు. ఒకామె, గుర్రం వంట చేయడం ఎన్నడూ చూడలేదని పక్కామెతో అంటూ నాకు నిప్పిచ్చింది. పచ్చికట్టెలు. పొగలో కూర్చుని మిరియాల చారు కాచి, పట్టుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఏదో ఒకటి అనకపోతే నాకు తోచదు కదా.

“ఈ పొగకు నా కండ్లు పోతాయి మే” అన్నాను.

ఆమె పాపను ఇంకో పక్కకు మార్చుకుని, చారు ఊదుకుంటూ అంది: “పోతే పోనీలే మామా. అవి ఉన్నన్నాళ్ళూ నువ్వు సూసింది జట్కావాళ్ళ మొగాలనే గదా, నా కడుపునేం సూడలేదు.”