నది గోడ మీద నీలం చొక్కా

ఏప్రిల్ నెలలో, మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు కోట ముందు ట్రక్కు దిగాను. భుజాన రైఫిల్, వీపున బ్యాగు, చేతిలో నల్ల ట్రంకు పెట్టె. ఎండకు పెట్టె పిడి కాలి అరచేయి మండింది. ఎదురుగా ఎర్ర రాతి గోడ, మూడంతస్తుల ఎత్తు. గోడకు అవతల నది. నీళ్ళు తగ్గిపోయి ఇసుక మేటలు తేలి ఉన్నాయి.

కోట పేరు చెప్పను. ఉత్తరాదిన ఒక పెద్ద నది ఒడ్డున ఉందని మాత్రం చెబుతాను. చర్చి బయట, పెళ్ళిళ్ళలో, టీ కొట్టు దగ్గర మీరంతా నన్ను బార్డర్ గురించే అడుగుతారు. బార్డర్‌లో నాలుగేళ్ళు చేశాను. చలి, మంచు, కాల్పులు, అన్నీ చూశాను. అవన్నీ చెప్పడం తేలిక. ఈ కోట సంగతే ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఎవరో రాజులు కట్టారు. తరువాత తెల్లవాళ్ళు ఫిరంగులు పెట్టారు. ఇప్పుడు కోటలో మూడు వంతులు సైన్యం గోదాములు. మిగిలిన ఒక వంతులో పాత దర్బారు, మెట్ల బావి, నది వైపు గోడ ఉన్నాయి. ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా జనం వచ్చి చూడొచ్చు. జనానికీ గోదాములకూ మధ్య ఒక ఇనుప గేటు. మా లెక్కలో దాని పేరు గేట్ టూ. పదకొండు నెలలు నేను హవల్దార్‌గా నిలబడింది అక్కడే.

మొదటి రోజు సాయంత్రం గార్డు కమాండర్ సుబేదార్ సాబ్ మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"ఇక్కడ శత్రువు యూనిఫాం వేసుకుని రాడు. బిడ్డను ఎత్తుకుని వస్తాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని వస్తాడు. మీకు నమస్తే పెడతాడు" అన్నాడు.

ఆర్డర్లు నాలుగే. ఫోన్లు బయట కౌంటర్లో పెట్టించాలి. గేట్ టూ ముందు ఎవరూ ఆగకూడదు. గోడ మీదికి ఎవరూ వంగకూడదు. అనుమానం వస్తే మనిషితో మాట్లాడకూడదు, ముందు రేడియోలో చెప్పాలి.

నెల తిరిగేసరికి నా కళ్ళు మారిపోయాయి. అడుగులు లెక్కపెడుతున్నాడని ఒక ముసలాయనను ఆపించాను. మోకాళ్ళ నొప్పికి డాక్టరు రోజూ ఇన్ని అడుగులు నడవమన్నాడట. బురుజు బొమ్మ గీస్తున్న ఒకామెను ఆపించాను. ఆమె డ్రాయింగు టీచరు. ఇద్దరికీ క్షమాపణ చెప్పి పంపించాం. సుబేదార్ సాబ్ నన్ను తప్పు పట్టలేదు. "వందసార్లు పొరపాటు పడు. ఒక్కసారి వదిలెయ్యకు" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నిజం చెప్పాలంటే, అనుమానించడంలో నాకు ఒక రకమైన గర్వం కూడా మొదలైంది.

వానలు వెళ్ళాక, అక్టోబరు చివర, ఇంటివాళ్ళు కోట చూడటానికి వచ్చారు. నా భార్య కరుణ, ఆమె తల్లి, కరుణ తమ్ముడు ప్రభుదాస్. మేమంతా దాస్ అంటాం. మాది ఇస్నాపూర్ పక్కన చిట్కుల్. దాస్ రోజూ కంపెనీ బస్సులో బొల్లారం వెళ్ళి, మందుల ముడిసరుకు తయారుచేసే ఒక కంపెనీలో పని చేసేవాడు. ముప్పై మూడేళ్ళ మనిషి. ఎక్కువ మాట్లాడడు.

ఆదివారం నాకు సెలవు దొరికింది. వాళ్ళకు కోట ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాను. అత్తమ్మ కిటికీలోంచి గోడను చూస్తూ కూర్చుంది.

"గంత పెద్ద కోటల రాణులు యాడ తానం జేసేటోళ్ళో రేపు సూస్త" అంది.

దాస్ మాత్రం రాణుల గురించి అడగలేదు.

"బావ, ఈ కోటల వాడిన నీళ్ళు ఎటువోతయ్?"

"పాత మోరీ ఉంది. నదిల కలుస్తది."

"మనకు కనవడ్తదా అది?"

"ఎందుకు?"

"ఊకనే అడిగిన."

నేను గది మూలలో ఉన్న కూజా దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగాను. వెనక్కి తిరిగేసరికి అతను ఫోన్ చూస్తున్నాడు. నన్ను చూసి తెర ఆపేశాడు. జేబులో పెట్టుకున్నాడు. రెండో జేబులో ఇంకో ఫోన్ ఉన్నట్టు ఉబ్బెత్తుగా కనిపించింది.

కరుణను బయటికి పిలిచి అడిగాను. ఆమె కూడా పరేషాన్‌గానే ఉంది.

"వాడు ఈ మధ్య మనిషి మనిషి లెక్క లేడు. ఫోన్ ఎవ్వరికియ్యడు. అడిగితే మీదికొస్తడు. తెల్లారకముందే లేశి యాడికో పోతడు. అమ్మ పెండ్లి మాట తీస్తే ఇన్నట్టే ఉండడు. నువ్వు జెర మాట్లాడి సూడు."

నేను మాట్లాడలేదు. ఆ వారమే మాకు ఒక హెచ్చరిక వచ్చింది. జవాన్ల బంధువులతో ఫోన్లో స్నేహం చేసి, మాయమాటలు చెప్పి, ఫోటోలు తెప్పించుకునే వాళ్ళున్నారని. ఇంటివాళ్ళు వచ్చినప్పుడు కూడా కళ్ళు తెరిచి ఉండమని. మోరీ, రెండు ఫోన్లు, తెల్లారకముందు తిరగడం. మూడూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి కూర్చున్నాయి.

సోమవారం నాకు డ్యూటీ. వాళ్ళు పది గంటలకు మిగతా జనంతో కలిసి లోపలికి వచ్చారు. అత్తమ్మ గేట్ టూ ముందు ఆగి నా యూనిఫాం వైపు సంతోషంగా చూసింది. ఆగకూడదు కనుక ముందుకు వెళ్ళమని చెయ్యి ఊపాను. కరుణ ఆమెను మెట్ల బావి వైపు తీసుకుపోయింది. దాస్ వాళ్ళ వెంట వెళ్ళలేదు. ఒక్కడే నది వైపు గోడ దగ్గరికి నడిచాడు.

నా చోటి నుంచి ఆ గోడకు ఎనభై అడుగులు. మధ్యలో అడ్డం ఏమీ లేదు. మూడో బురుజు పక్కన రివర్ పోస్ట్ సిపాయి నిలబడి ఉన్నాడు. నది నిండుగా పారుతోంది. పదకొండూ ఇరవైకి దాస్ అటూ ఇటూ చూసి, గోడ మీదికి ఛాతీ దాకా వంగాడు. అతని చేతిలో ఏదో ఎండకు మెరిసింది.

నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేసి ఉండొచ్చు. ఎనభై అడుగులే. రేడియో తీశాను.

"గేట్ టూ నుంచి రివర్ పోస్ట్. ఓవర్."

"రివర్ పోస్ట్. చెప్పండి. ఓవర్."

"మూడో బురుజు పక్కన ఒక మనిషి. నీలం చొక్కా, నల్ల ప్యాంటు. వయసు ముప్పై దాటి ఉంటుంది. గోడ మీదికి వంగాడు. చేతిలో ఫోన్. ఆపండి. ఓవర్."

"కనిపించాడు. ఆపుతున్నా. ఔట్."

సెట్టు బెల్టుకు తగిలించాను. అప్పుడే గేటు ముందుకు ఒక టీచర్ల గుంపు వచ్చింది. ఆగకూడని చోట ఆగారని వాళ్ళ పాసులు అడిగి చూశాను. గోడ వైపు చూడలేదు.

పావుగంటకు కరుణ, అత్తమ్మ పరుగున వచ్చారు.

"దాస్‌ను తీస్కపోయిన్రు. ఎవలు జెప్పిన్రు వాని మీద?" అంది కరుణ.

"టవర్ మీది సెంట్రీ చూసిండట. ఏం గాదు, అడిగి ఇడిసిపెడ్తరు" అన్నాను.

అబద్ధం అంత జల్దీగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పన్నెండింటికి నన్ను గార్డు రూముకు పిలిచారు. సుబేదార్ సాబ్, ఇంటెలిజెన్స్ హవల్దార్ కూర్చుని ఉన్నారు. దాస్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. బల్ల మీద, కౌంటర్లో పెట్టకుండా లోపలికి తెచ్చిన అతని రెండో ఫోన్.

"విజిటర్ల రిజిస్టర్లో మీ ఊరి పేరుంది. ఇతను నీకు తెలుసా?" అని సుబేదార్ సాబ్ అడిగాడు.

"నా భార్య తమ్ముడు సాబ్."

"రేడియోలో ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

బల్ల మీది ఫోన్ వైపు చూశాను. ఆయన రెట్టించలేదు.

ఫోన్లో కోట మోరీ ఫోటోలు మూడున్నాయి. అంతకు ముందువి చూపించారు. పైపులు. వాల్వులు. ఒక పెద్ద గోడ వెనక భాగం. పంపు రూము. ట్యాంకర్లు, వాటి నంబరు ప్లేట్లు. అన్నీ తెల్లారుజామున తీసినవి. ఫోటోల కింద తెలుగులో రాసుకున్న వాక్యాలున్నాయి. ఇంటెలిజెన్స్ హవల్దార్ ఫోన్ నా చేతికిచ్చాడు. అతని గొంతు చాలా మెత్తన.

"చదువు. ఒక్కో ముక్కా హిందీలో చెప్పు."

చదివాను. "సోమవారం. ఐదుంబావు. ట్యాంకర్ వచ్చింది, వెనక గేటు." "గోడ పక్క పైపు. నీళ్ళు ఎర్రగ. నురుగు." "గురువారం వాన. పైపు మళ్ళ ఇడిసిన్రు. వాగుల చేపలు తేలినయ్."

మూడోది చదివేసరికి నా గొంతు తగ్గింది. అది మా ఊరి వెనక వాగు.

దాస్ నేల చూస్తూ హిందీలో చెప్పాడు. కంపెనీలో మురికి నీళ్ళు శుభ్రం చేసే చోట తన పని అన్నాడు. శుభ్రం చేసేది సగమేనని, మిగతాది వాన పడ్డప్పుడు వాగులోకి వదిలేస్తారని, ఊళ్ళో బోర్లు పసుపు పచ్చగా పోస్తున్నాయని చెప్పాడు. అన్నీ ఒక చోట పెట్టి కాలుష్యం ఆఫీసులో ఇవ్వాలనుకున్నాడట. ఇంట్లో చెబితే అమ్మ భయపడి ఆపుతుందని ఎవరికీ చెప్పలేదట.

"మరి ఇక్కడెందుకు తీశావు?"

"మోరీ కనిపించింది. దాని కింద జనం స్నానాలు చేస్తున్నారు. చెయ్యి ఆగలేదు సార్."

అంతసేపూ అతను నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. భయం వల్ల అనుకున్నాను.

ఇంటెలిజెన్స్ హవల్దార్ నిజమా కాదా తేల్చుకోవాలి గనుక స్పీకర్ పెట్టి కంపెనీకి ఫోన్ కలిపాడు. ఇతను మీ మనిషేనా అని అడిగాడు. అవునన్నారు. తరువాత, ఇతని ఫోన్లో మీ పైపుల ఫోటోలు, ట్యాంకర్ల నంబర్లు ఉన్నాయి, మీకు తెలుసా అన్నాడు. అవతలి గొంతులో ఒక్కసారిగా మర్యాద ఎక్కువైంది.

"ఫోటోలా సార్? ఏ పైపువి సార్? మీరు చెప్పి చాలా మంచి పని చేశారు సార్."

దాస్ కళ్ళు మూసుకున్నాడు. కంపెనీ వాళ్ళతో ఫోటోల మాట ఎత్తకముందే నేను కలగజేసుకుని ఉండొచ్చు. సుబేదార్ సాబ్ నా మాట వినేవాడు కూడా. కానీ ఆ నిమిషానికీ నాలో ఒక మూల అనుమానం పోలేదు. ఇంత చక్కగా అతికిన జవాబు ముందే తయారుచేసుకున్నదేమో అనుకుంటూ నిలబడ్డాను.

మూడూ నలభైకి వదిలారు. నిబంధన ప్రకారం ఆ ఫోన్లోవన్నీ తుడిచేశారు, కోటవీ, వాగువీ. బయట అత్తమ్మ కొడుకు మొహం కొంగుతో తుడిచి, సీసాలో నీళ్ళు తాగించింది. దర్బారు ఎవరూ చూడలేదు. మరునాడు రైలెక్కి వెళ్ళిపోయారు.

పన్నెండు రోజులకు కరుణ ఫోన్ చేసింది. దాస్‌ను పనిలోంచి తీసేశారు. గేటు దగ్గరే ఆపి, కార్డు తీసుకుని పంపేశారట. ఆ తరువాత పటాన్‌చెరు నుంచి బొల్లారం దాకా ఏ కంపెనీకి వెళ్ళినా రేపు రమ్మన్నారు, రేపు వెళితే ఖాళీ లేదన్నారు.

"ఆ టవర్ సెంట్రీ ఎవడో గని, వాని నోట్లె మన్నువడ" అంది అత్తమ్మ ఫోన్ లాక్కుని.

"అవునత్తమ్మా" అన్నాను.

మిగిలిన నాలుగున్నర నెలలూ గేట్ టూ దగ్గరే చేశాను. ఎవరినీ వదిలిపెట్టలేదు. కానీ ఎవరినైనా ఆపించే ముందు కాళ్ళు ఒక అడుగు అటు వేసేవి. మనిషి దగ్గరికి వెళ్ళి, ముందు మొహం చూసేవాణ్ణి. ఆర్డరుకు అది విరుద్ధం. రివర్ పోస్ట్ సిపాయి ఒకసారి, "హవల్దార్ సాబ్, రేడియో పనిచెయ్యట్లేదా?" అని అడిగాడు. పనిచేస్తోందన్నాను.

మార్చిలో నా సర్వీసు ముగిసింది. ఇస్నాపూర్ చౌరస్తాలో ఉదయం ఎనిమిదికి బస్సు దిగాను. షిఫ్టు దిగినవాళ్ళు, ఎక్కేవాళ్ళు రోడ్డంతా నిండి ఉన్నారు. హిందీ, ఒడియా, తెలుగు కలిసి వినిపిస్తున్నాయి. దాస్ ఒక ఆటో పక్కన నిలబడి ఉన్నాడు. షేరింగ్ ఆటో తోలుతున్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. కరుణ పంపిందట. నా ట్రంకు ఎత్తి వెనక పెట్టాడు. ఆ ట్రిప్పుకు వేరే ఎవరినీ ఎక్కించుకోలేదు.

ఊరి దారిలో వాగు మీది వంతెన దగ్గరికి రాగానే, కుళ్ళిన మందుల వాసన కొట్టింది. ఆపమన్నాను. ఆపాడు.

"దాస్, నీకొకటి చెప్పాలె."

"చెప్పకు బావ. నాకెరికే."

"ఏమెరుక?"

"ఆ సిపాయి నా పక్కన్నే నిలవడ్డడు. వాని సెట్ల నీ గొంతు ఇన్న. నీలం చొక్కా అన్నవు. నల్ల ప్యాంటు అన్నవు. వయసు గూడ చెప్పినవు." అతను హ్యాండిల్ మీంచి చేతులు తీయలేదు. "నా పేరు చెప్పలే."

వాగులో నురుగు తేలి పోతోంది.

"గేటు కాడ నువ్వు మంచిగనే కనవడ్డవు బావ. చెయ్యెత్తిన. గిటు చూస్తవనుకున్న. చూస్తె వస్తవనుకున్న."

"మీ అక్కకు చెప్పలేదా?"

"చెప్తె మీ ఇల్లు ఏమైతది?"

నేను వాగు వైపే చూస్తూ అడిగాను. "మళ్ళ ఫోటోలు తీస్తున్నవా?"

అతను మొదటిసారి నా మొహం చూశాడు. కోపంగా కాదు. గేటు ముందుకు వచ్చే మనుషులను నేను చూసినట్టు చూశాడు.

"అది నీకు చెప్ప బావ" అని ఆటో స్టార్ట్ చేశాడు.

ఆ సాయంత్రమే కరుణకు నేనే చెప్పాను. ఆమె అన్నం పెట్టింది. మాట్లాడలేదు. ఆదివారం చర్చికి తమ్ముడి ఆటోలో వెళ్ళింది. నేను నడిచి వెళ్ళాను. చాలా వారాలు అట్లాగే గడిచాయి. ఇప్పుడు మాట్లాడుతుంది. దాస్ కూడా పండగలకు వస్తాడు, తింటాడు, బావా అనే పిలుస్తాడు. నేను గదిలోకి వస్తే ఫోన్ బోర్లా పెడతాడు.

మీరు బార్డర్ గురించి అడుగుతారు. అక్కడ చూసినవి చాలావరకు మాసిపోయాయి. మాయనిది నేను చూడనిది. ఎర్ర రాతి గోడ మీద ఎండ పడుతోంది. కింద నది నిండుగా ఉంది. సిపాయి పక్కన నీలం చొక్కా వేసుకున్న మనిషి ఒక చెయ్యి పైకెత్తి గేటు వైపు చూస్తున్నాడు. గేటు దగ్గర నేను ఉన్నాను. అతనికి నా వీపు కనిపిస్తోంది. ఎవరివో పాసులు ఒక్కొక్కటీ తిప్పి చూస్తున్నాను.