పురుగుల పిప్పరమెంటు, కస్తూరి కిళ్లీ

యుద్ధకాలంలో బెజవాడ నుంచి పామర్రుకు పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో వెళ్తున్నాను. మద్రాసు నుంచి తెచ్చుకున్న ఎర్ర పిప్పరమెంట్లు పక్కసీటు దంపతులకు ఇవ్వబోయాను. ఆవిడ ఆశగా చెయ్యి చాపారు. బట్టల వ్యాపారి అయిన భర్త ఆపేశారు.

“వద్దే! ఆ ఎరుపు పురుగుల్ని నూరి తీస్తారు. అద్దకం రంగులు నాకు తెలియవా? అంటరాని తిండి!”

నిజమే, కాలేజీలో నేనూ చదివాను. అయితే శుచి మీద ఆయన ఉపన్యాసమంతా కస్తూరి కిళ్లీ నములుతూనే సాగింది.

“కస్తూరి ఎక్కణ్ణుంచి వస్తుందండీ?” అన్నాను.

“హిమాలయాల నుంచి!” అన్నారు గర్వంగా.

“అవునండీ. అక్కడి మగజింక పొట్టకింద సంచిలోంచి.”

నా జవాబు పెద్దగా రుచించినట్టు లేదు. కంకిపాడు దాకా ఆయన కిళ్లీ నమలనూ లేదు. ఉమ్మనూ లేదు, ఖరీదైన కిళ్లీ మరి.

ఆవిడ మాత్రం, “ఆ పురుగులేవో ఇటివ్వండి బాబూ,” అని రెండు బిళ్లలు తీసుకున్నారు.